డెక్ మీద నాన్‌స్లిప్ పెయింట్ లేచిపోతోందా? డబ్బాను తిట్టేముందు ఇవి చూడండి

కాలు జారకుండా ఉండే ఈ గరుకు పెయింట్ వేసి రెండు నెలలు తిరక్కుండానే పడవ డెక్ మీద పెచ్చులు లేస్తున్నాయని ఎవరైనా అనగానే నేను అడిగేది ఒక్కటే. ప్రైమర్ పూసేముందు డెక్ మీద నీళ్ళు చల్లి చూశారా? దానికి వచ్చే జవాబు కూడా దాదాపు ఎప్పుడూ ఒక్కటే: “అసిటోన్ పెట్టి బాగా తుడిచాం కదండీ.” తుడిచారు సరే, తుడిచాక ఆ జిడ్డు నిజంగా పోయిందో, లేక డెక్ అంతటా సమానంగా పరుచుకుందో ఎలా తెలిసింది? కంటికి కనిపించదు, చేతికి తగలదు. నీళ్ళు చల్లితే తెలుస్తుంది. చెంబుడు నీళ్ళు, అర నిమిషం పని. అది మానేసి పెయింట్ కంపెనీ మీద, వాతావరణం మీద, చివరికి రోలర్ మీద కూడా పడతారు.

ఎమెరీ పట్టడం, మాస్కింగ్ టేప్ వేయడం, రెండు డబ్బాల పెయింట్‌ని కొలత ప్రకారం కలపడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. గ్లౌజులు, దుమ్ముకి మాస్కు, రెండు డబ్బాల పాలీయురెథేన్ వాడుతుంటే ఆవిర్లని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు కూడా మీ దగ్గర ఉన్నట్టే లెక్క. ఇందులో ఎక్కువ భాగం ఫైబర్ డెక్ గురించే. అల్యూమినియం, చెక్క డెక్‌ల గురించి చివర్లో రెండు ముక్కలు ఉన్నాయి.

ముందు నీళ్ళు

శుభ్రమైన మంచినీళ్ళు డెక్ మీద పల్చగా చల్లండి. పొరలా పరుచుకుని అలాగే నిలిస్తే సరే. తామరాకు మీద బొట్లలా గుండ్రంగా కూడుకున్నా, పరుచుకున్న పొర మధ్యలో చిరిగి పక్కకి జరిగినా అక్కడ మైనమో నూనో సిలికానో ఉంది. ఒక్కచోట చూసి వదిలేయకండి. హ్యాచ్ (డెక్ మీది తలుపు) అంచుల చుట్టూ, తాళ్ళు కట్టే క్లీట్ల చుట్టూ, ఎక్కిదిగేటప్పుడు చెయ్యి వేసేచోట, ఇంజిన్ మూత దగ్గర విడివిడిగా చల్లి చూడాలి. జిడ్డు డెక్ అంతా ఒకేలా ఉండదు.

మైనం ఎక్కడిదంటారా, కొత్త డెక్ అయితే అచ్చులోంచి ఊడిరావడానికి పూసిన మైనం, పాత డెక్ అయితే మెరుపు కోసం ఏళ్ళ తరబడి రుద్దిన పాలిష్. అచ్చులోనే గరుకు గళ్ళు వచ్చిన డెక్‌లతో ఇంకో తలనొప్పి: ఎమెరీ ఆ గళ్ళ నెత్తిమీదే తిరుగుతుంది, లోపలి సందుల్లో పాలిష్ చెక్కుచెదరకుండా కూర్చుని ఉంటుంది. పైన చూస్తే డెక్ అంతా మాసిన తెలుపులోకి వచ్చి బ్రహ్మాండంగా తయారైనట్టే కనిపిస్తుంది. అలాంటి డెక్‌కి గట్టి కుచ్చుల బ్రష్షుని ద్రావకంలో ముంచి సందులు రుద్ది, గుడ్డతో ఎత్తి, ఆ తర్వాత రాపిడి ప్యాడ్‌తో సందుల్లోకంటా గరుకు తేవాలి. గళ్ళు మరీ లోతైతే వాటిని ఎమెరీతో దించేసి చదును చేయడమే తేలిక.

వరస మాత్రం తిరగెయ్యకండి. ముందు మైనం తీయాలి, తర్వాతే ఎమెరీ. ముందే ఎమెరీ పడితే ఆ వేడికి మైనం మెత్తబడి, మీరే చేసిన గీతల్లోకి దిగిపోతుంది, ఇక దాన్ని బయటికి లాగడం రెట్టింపు పని. తుడిచేటప్పుడు రెండు గుడ్డలు ఉండాలి, ఒక చేతిలో తడిది, ఇంకో చేతిలో పొడిది. తడిపినది ఆరకముందే పొడి గుడ్డతో ఎత్తేయాలి. ఆరనిచ్చారంటే కరిగిన మైనం పక్కకి జరిగి మళ్ళీ అక్కడే పేరుకుంటుంది. ఎండలో అసిటోన్ చేతికిందే ఆవిరైపోతుంది కాబట్టి ఒకసారికి రెండు జానల మేర మించి తడపకండి. మైనం తీయడానికని అమ్మే, నెమ్మదిగా ఆరే ద్రావకం దొరికితే అదే మేలు. గుడ్డ మడత మారుస్తూ ఉండాలి, మురికైంది పారేయాలి. అన్నట్టు, బట్టలు మెత్తబడటానికి వేసే ద్రవంతో ఉతికిన గుడ్డలు ఈ పనికి తేవద్దు. వాటిలో మిగిలిన జిడ్డు మళ్ళీ డెక్‌కే అంటుకుంటుంది. ఇది తెలియక ఒక పూటంతా తుడిచి తుడిచి, నీళ్ళు ఇంకా బొట్లు కడుతూనే ఉంటే బుర్ర గోక్కున్నాను.

శుభ్రం చేశాక ఎమెరీ. పాత పెయింట్ దించడానికి 80 నంబరు, ప్రైమర్ కోసం 120 నుంచి 180 మధ్యలో ముగిస్తే చాలు. పైన వచ్చేది గరుకు పెయింటే కదా అని 80 గీతలతోనే వదిలేసేవాళ్ళూ ఉన్నారు, అద్దంలా రావాలని 400 దాకా వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. రెండూ అక్కర్లేదు.

లేచిన పెచ్చు తిరగేసి చూడండి

ఇప్పటికే లేచిపోయినవాళ్ళు పెచ్చుని గీకి పారేసేముందు వెనక్కి తిప్పి చూడండి, సగం సమాధానం అక్కడే ఉంటుంది. ప్రైమర్‌తో సహా ఊడి, కింద జెల్‌కోట్ (ఫైబర్ డెక్ పైపూత) నున్నగా మెరుస్తుంటే గరుకు చాల్లేదు, లేదా మైనం పోలేదు. వెనక తెల్లటి పొడి అంటుకుని వస్తే ఎండకి పొడిబారిన జెల్‌కోట్‌ని గట్టి పొర దాకా దించకుండా దాని మీదే పూశారు. ప్రైమర్ డెక్ మీదే ఉండిపోయి పెయింట్ ఒక్కటే వస్తే మధ్యలో గడువు దాటిపోయింది: ఎపాక్సీ (రెండు డబ్బాలు కలిపితే గట్టిపడే రెజిన్) ప్రైమర్ మీద పై కోటు ఎన్ని గంటల్లోపు పడాలో డబ్బా మీద ఉంటుంది, అది దాటితే మళ్ళీ ఎమెరీ పట్టి తీరాలి. పాత పెయింట్ కూడా కలిసి ఊడొస్తే మీ పనిలో తప్పు లేదు, కింద ఉన్నదానికే పట్టు లేదు, మొత్తం దించాలి.

ఇవేవీ కాకుండా అక్కడక్కడా బిళ్ళల్లా మాత్రమే లేస్తుంటే, ఆ బిళ్ళలు మీరు లప్పం పెట్టిన చోట్లతో సరిపోతుంటే, కింది భాగం మీకోసమే.

లప్పం పెట్టినచోటే లేస్తుంటే

దీంతో నేను రెండుసార్లు దెబ్బతిన్నాను, అదీ ఒకే డెక్ మీద. పాత క్లీట్లు, రెయిలింగ్ పాదాలు తీసేసి, మిగిలిన బోల్టు కన్నాలని ఎపాక్సీ లప్పంతో పూడ్చాను. రాత్రంతా ఆరింది. పొద్దున్నే ఎమెరీ పట్టాను, అసిటోన్‌తో రెండు గుడ్డల పద్ధతిలో తుడిచాను, నీళ్ళు చల్లితే పొరలా పరుచుకున్నాయి. ప్రైమర్, రెండు కోట్ల నాన్‌స్లిప్. చూడముచ్చటగా వచ్చింది. రెండో నెలలో బిళ్ళలు లేవడం మొదలైంది. ప్రైమర్ పాతదేమో అనుకుని కొత్తది తెచ్చి, లేచిన చోట్ల గీకి, పలచగా లప్పం సవరించి, అదే వరసలో మళ్ళీ చేశాను. మళ్ళీ అవే బిళ్ళలు, అవే చోట్ల. ఈసారి ఒక పెచ్చు తిరగేసి తడి వేలు పెట్టి రుద్దితే సబ్బు రాసినట్టు జారింది. అప్పుడు వెలిగింది.

ఎపాక్సీ గట్టిపడేటప్పుడు పైన ఒక పొర ఊరుతుంది. దాన్ని ఎమైన్ బ్లష్ అంటారు. గట్టిపరిచే డబ్బాలో ఉండే ఎమైన్‌లు గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి ఇది తయారవుతుంది. గాలి చల్లగా, తేమగా ఉంటే ఎక్కువగా వస్తుంది. సాయంత్రం పూసి రాత్రి మంచులో వదిలేశారంటే రమ్మని పిలిచినట్టే. ఒక్కోసారి వేలికి జిడ్డుగా తెలుస్తుంది, ఒక్కోసారి పలచని మసకలా కనిపిస్తుంది, చాలాసార్లు ఏమీ కనిపించదు.

మనం మామూలుగా చేసే మూడు పనుల్ని ఇది తప్పించుకుంటుంది, అందుకే దొంగ అంటాను. ఒకటి, ఇది నీళ్ళలో కరుగుతుంది, అసిటోన్‌లో సరిగా కరగదు, కాబట్టి ఎంత తుడిచినా దాన్ని డెక్ మీద పులమడమే అవుతుంది. రెండు, ఎమెరీ పడితే పోతుందనుకుంటాం, పోదు. కొంత కాగితానికి అంటుకుంటుంది, మిగతాది గీతల్లోకి దిగుతుంది. ఎపాక్సీ మీద ఎమెరీ కాగితం రెండు నిమిషాలకే మూసుకుపోయి, చిన్న చిన్న జిగురు ఉండలు కడుతుంటే అది ఇంకా ఆరలేదని మాత్రమే అనుకోకండి, బ్లష్ కూడా కావచ్చు. మూడోది నన్ను ముంచింది: నీళ్ళ పరీక్ష దీన్ని పట్టుకోలేదు. మైనం నీళ్ళని తోస్తుంది కాబట్టి దొరికిపోతుంది. బ్లష్ నీళ్ళతో కలిసిపోయే రకం, నీళ్ళు దాని మీద హాయిగా పరుచుకుంటాయి. ఇంత చెప్పుకొచ్చిన నీళ్ళ పరీక్షకి ఉన్న ఒకే ఒక్క పెద్ద లోటు ఇదే, కాబట్టి ఎపాక్సీ తగిలిన చోట ఆ పరీక్ష పాసైందని నిశ్చింతగా ఉండొద్దు.

పైన పెయింట్ పడ్డాక కూడా ఈ పొర ఊరుకోదు. డెక్ అంటే వాన, అలల తుంపర్లు, పొద్దుటి మంచు. పెయింట్ పొరలోంచి కొద్దికొద్దిగా దిగే తేమని ఇది పీల్చుకుంటుంది, మెత్తబడుతుంది, ఆపైన ఎవరో కాలు వేసి తిరుగుతారు, బిళ్ళ లేస్తుంది. వేసిన వారంలో బాగుండి నెలల తర్వాత లేవడం వెనక ఉన్న కథ ఇది.

పరిష్కారానికి ఖర్చేమీ లేదు. ఎపాక్సీ పూర్తిగా గట్టిపడ్డాక, ఎమెరీ ముట్టుకోకముందు, మంచినీళ్ళు, రాపిడి ప్యాడ్ తీసుకుని లప్పం పెట్టిన ప్రతిచోటా, దాని చుట్టూ ఇంకో జానెడు మేర రుద్దండి. నీళ్ళు గోరువెచ్చగా ఉంటే ఇంకా మంచిది. సబ్బు అక్కర్లేదు, సబ్బు వేస్తే దాన్ని కడగడం ఇంకో పని. రుద్దిన నీళ్ళు అక్కడే ఆరిపోకూడదు, అలా ఆరితే కరిగిన బ్లష్ మళ్ళీ అక్కడే దిగుతుంది. తడిగా ఉండగానే శుభ్రమైన గుడ్డతోనో పేపర్ టవల్‌తోనో ఎత్తేయాలి. బకెట్ నీళ్ళు మారుస్తూ రెండుసార్లు చేయండి. ఆరాక ఎమెరీ పడితే ఈసారి కాగితం మూసుకుపోకుండా పొడి పొడిగా దుమ్ము రాలుతుంది, బ్లష్ పోయిందనడానికి చేతికి దొరికే గుర్తు అదే. ఇంకా అనుమానమైతే ఆ చోట తడి చేసి పీహెచ్ కాగితం పెట్టండి. క్షారం వైపు, అంటే 9 దాకానో పైకో చూపిస్తే ఇంకా ఉన్నట్టే, మళ్ళీ కడగాలి.

బ్లష్ రాని గట్టిపరిచే డబ్బాలని అమ్ముతారు. వాడండి, తప్పులేదు, కానీ నేను అవి వాడినా కడుగుతాను. ఎపాక్సీ తడిగా ఉండగా పీల్ ప్లై గుడ్డ పరిచి, ఆరాక లాగేస్తే పైపొర దాంతోపాటే వచ్చేస్తుంది, పెద్ద ప్యాచ్‌లకి అది మంచి పద్ధతి. బోల్టు కన్నాలకి అంత హంగామా దండగ.

ఇప్పటికే పెయింట్ వేసేసి బిళ్ళలు లేస్తున్నాయంటే డెక్ మొత్తం దించనక్కర్లేదు. లేచినచోటే గట్టిగా ఉన్న పెయింట్ తగిలేదాకా గీకండి, అంచులు వాలుగా చేయండి, లప్పాన్ని పైన చెప్పినట్టు కడగండి, అప్పుడు ఎమెరీ, ప్రైమర్, పెయింట్. కానీ లప్పం పెట్టి ఇంకా లేవని చోట్లు కూడా ఉంటాయి కదా, వాటి మీద బ్లేడుతో చిన్న గళ్ళు కోసి, గట్టి టేప్ అతికించి, ఒక్కసారిగా లాగి చూడండి. గళ్ళు టేప్‌తో వచ్చేస్తే అవీ చేయాల్సిందే, వాటంతట అవి లేచేదాకా ఆగడమెందుకు.

దీనికి చుట్టం లాంటి సమస్య ఇంకోటి. సింగిల్ డబ్బా పెయింట్ వేస్తే డెక్ అంతా ఆరి, లప్పం మీద మాత్రం రోజుల తరబడి జిగటగానే ఉంటుంది. కారణం అదే ఎమైన్‌లు, ఆ రకం పెయింట్‌ని ఆరనివ్వవు. ఆరుతుందిలే అని ఎదురుచూడకండి, తీసేసి, కడిగి, మధ్యలో ఎపాక్సీ ప్రైమర్ వేసి మళ్ళీ పూయండి. లప్పమే గోరు దిగేంత మెత్తగా ఉంటే కథ వేరు, కలిపిన పాళ్ళు తప్పాయి. దాన్ని కడిగి లాభం లేదు, చెక్కి పారేయాలి.

రోలర్ కిందే గుంటలు పడుతుంటే

పెయింట్ పూస్తుండగానే చిన్న చిన్న గుండ్రటి గుంటలు పడి, వాటి అడుగున కింది రంగు కనిపిస్తే అది సిలికాన్. ఇంకో కోటు వేస్తే కప్పుకుంటుందనుకోవడం భ్రమ, ఆ కోటూ అక్కడే పక్కకి తప్పుకుంటుంది. తడిగా ఉండగానే ఆపి, థిన్నర్‌తో తుడిచేసి, మూలం వెతకండి. చాలాసార్లు అది క్లీట్లు తీసినచోట మిగిలిన సిలికాన్ సీలెంట్. గట్టిపడిన సిలికాన్ ఏ థిన్నర్‌కీ కరగదు, బ్లేడుతో కోసి గీకాలి, ఆ తర్వాతే ద్రావకం. తుప్పు వదిలించడానికి కొట్టే స్ప్రే, కంప్రెసర్ గాలితో దుమ్ము ఊదినప్పుడు దాంతో వచ్చే నూనె, సన్‌స్క్రీన్ రాసుకున్న చేతులు కూడా ఇదే పని చేస్తాయి. అంతా తుడిచాక ఉత్త పాదాలతో డెక్ మీద నడిచేవాళ్ళని ఏమనాలో నాకు తెలీదు.

ముడతలు, బొబ్బలు

పాత పెయింట్ మీద కొత్తది వేయగానే తోలులా ముడతపడితే కొత్త పెయింట్‌లోని ద్రావకం పాతదాన్ని తినేస్తోంది. సింగిల్ డబ్బా పెయింట్ మీద రెండు డబ్బాలది వేస్తే జరిగేది ఎక్కువగా ఇదే. ముందే తెలుసుకోవాలంటే వేయబోయే పెయింట్ థిన్నర్‌తో గుడ్డ తడిపి పాత పెయింట్ మీద పావుగంట ఉంచండి, మెత్తబడితే దించేయండి, లేదా సింగిల్ డబ్బాదే వేయండి.

బొబ్బల్లో నీళ్ళు ఉంటే ఒకటి పగలగొట్టి, చుట్టుపక్కల డెక్‌ని స్క్రూడ్రైవర్ పిడితో కొట్టుకుంటూ వెళ్ళండి. అంతటా టకటకమంటూ ఉంటే ఉప్పు అనుకోవచ్చు: ఎమెరీ పట్టేముందు మంచినీళ్ళతో కడగలేదు, మిగిలిన ఉప్పు పెయింట్ కిందికి తేమని లాగింది. కొన్నిచోట్ల మొద్దుగా శబ్దం వస్తే డెక్ మధ్యలో ఉండే బాల్సానో ప్లైవుడ్డో నాని విడిపోయింది, అది పెయింట్ సమస్యే కాదు, లోపలి చెక్క ఆరబెట్టి, బాగుచేసేదాకా పైన ఏం పూసినా వృథా. కాలు వేస్తే డెక్ దిగుతూ, అదేచోట సాలెగూడు లాంటి పగుళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తున్నా ఇదే అనుమానించండి.

మెరుపు చచ్చి, మబ్బు పట్టినట్టు ఆరితే సాయంత్రం మంచు పడింది. డెక్ ఉపరితలం డ్యూ పాయింట్ (గాలిలోని తేమ మంచుగా దిగే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉన్నప్పుడే పూయాలి. థర్మామీటర్ లేకపోతే మధ్యాహ్నం కాస్త వాలగానే ఆపేయండి.

గరుకు రాలిపోతుంటే

తడి పెయింట్ మీద గరుకు కోసం గింజలు చల్లే పద్ధతిలో, పెయింట్ పైన పొర కట్టాక చల్లితే గింజ అందులో దిగదు. ఒకేసారి ఎక్కువ మేర పూయకండి, పూసినంత వెంటనే చల్లండి, ఆరాక వదులుగా ఉన్నవి ఊడ్చేసి పైన ఇంకో కోటు వేయండి. పెయింట్‌లో కలిపే పద్ధతిలో అయితే గింజలు అడుక్కి దిగుతాయి, కలుపుతూ ఉండకపోతే ట్రేలో మొదట నున్నగా, చివర ఇసుక దిబ్బలా వస్తుంది. టేప్ అంచుల దగ్గర ఊడుతుంటే టేప్ పూర్తిగా ఆరాక లాగారు. ఇంకా మెత్తగా ఉండగానే లాగాలి.

మిగతావి

అల్యూమినియం డెక్ అయితే ఎమెరీ పట్టిన కొన్ని గంటల్లోపే దానికి తగిన ప్రైమర్ పడాలి, గాలి తగిలితే ఆక్సైడ్ వెంటనే మొదలవుతుంది. ఇనుప తీగల బ్రష్షు మాత్రం వాడొద్దు, విరిగిన ఇనుప ముక్కలు అందులో దిగి అక్కడే తుప్పు మొదలవుతుంది. టేకు లాంటి నూనె ఊరే చెక్క అయితే అసిటోన్‌తో తుడిచి, నూనె మళ్ళీ పైకి రాకముందే ప్రైమర్ వేయండి.

డబ్బానే పాడైందేమో అని అడుగుతారు. అరుదు, కానీ ఉంటుంది. శుభ్రమైన ఫైబర్ ముక్కని గరుకు చేసి, అదే డబ్బాలోంచి అదే పాళ్ళలో కలిపి పూసి, డబ్బా మీద రాసిన గడువు దాకా వదిలేయండి. ముక్క మీద కూడా ఆరకపోతే, లేదా టేప్ లాగితే ఊడొస్తే, అప్పుడు డబ్బా పట్టుకెళ్ళి అడగండి.